కాదు – లేదు



చాలా రోజుల తరువాత వ్రాస్తున్న టపా ఇది. పద్యాల గురించీ, పలుకుబళ్ళ గురించీ వ్రాసుకొనే ఈ పుటలో పింఛను కాగితాల ప్రస్తావన ఏమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఇదీ భాషకు సంబంధించిన సంగతే. ఒక ఆంగ్లపదానికి నేను తొందరపాటుతో చెప్పిన అర్థం ఒక కుటుంబాన్ని ఇరవై ఒక్క సంవత్సరాలపాటు పట్టి పీడించింది. ఆ కథ చెప్పుకొంటే తప్ప నాకు మనశ్శాంతి లేదు.

మాది కోటబొమ్మాళి. 1982లో తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరి, చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లోనే పని చేసి, 2019లో విరమించాను. నా మొదటి సంవత్సరాల శిష్యుల్లో ఒకడు సైన్యంలో చేరాడు. పేరు వ్రాయను. మా జిల్లాలో అది వింత కాదు. పదోతరగతి అయిన కుర్రవాడికి మా ప్రాంతంలో ఎదురుగా కనిపించేవి రెండు దారులు: వలస, లేకపోతే మిలట్రీ. వీడు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. కబడ్డీలో కూత పెడితే అవతలివాళ్ళు వెనక్కి తగ్గేవారు. 1987లో ఎంపికై వెళ్ళాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చోకుండా నిలబడే మాట్లాడేవాడు.

పదకొండేళ్ళ తరువాత వచ్చేశాడు. లద్దాఖ్‌లో రాత్రి కాపలా దిగి గుడారానికి వచ్చిన ఒక వేకువజామున మూర్ఛ వచ్చి పడిపోయాడట. తరువాత మరి రెండుమార్లు వచ్చిందట. ఆసుపత్రులలో ఉంచారు, తేలికపాటి పనులు ఇచ్చారు, చివరకు వైద్యమండలి పరీక్షించి ఇంటికి పంపింది. 20 శాతం వైకల్యం, శాశ్వతం అన్నారు. పదేళ్ళ సర్వీసు దాటింది గనుక చిన్న పింఛను ఒకటి వచ్చేది. దానికి తోడు రావలసిన వైకల్య పింఛను, మావాళ్ళు డిజెబిలిటీ అనేది, రాలేదు. రాదని చెబుతూ ఒక ఉత్తరం వచ్చింది. ఏ కార్యాలయంనుంచి అన్నదానితో మనకు పని లేదు.

ఆ ఉత్తరం పట్టుకొని మా ఇంటికి వచ్చిన రోజు నాకు స్పష్టంగా గుర్తున్నది. పదోతరగతి జవాబుపత్రాలు దిద్దడానికి శ్రీకాకుళం వెళ్ళవలసిన రోజు అది. చేతిలో సంచి, కాళ్ళకు చెప్పులు, వీధిలో బస్సు వేళ. గుమ్మంలో నిలబడే చదివాను. రెండు పేరాల ఉత్తరం. నీ వ్యాధి సైనికసేవకు అట్రిబ్యూటబుల్ కాదు, దానివల్ల అగ్రవేటెడ్ కాదు, అది కాన్‌స్టిట్యూషనల్ అని మొదటి పేరా. కాన్‌స్టిట్యూషన్ అంటే నాకు తెలిసినది రాజ్యాంగం. మూర్ఛరోగానికి రాజ్యాంగానికీ ఏమి సంబంధమో తోచక ఒక్క క్షణం ఆగి, సందర్భాన్నిబట్టి ఊహించి చెప్పాను.

"పుట్టుకతో వచ్చిన జబ్బు అంటున్నారు నాయనా. సర్వీసువల్ల వచ్చినది కాదట. అందుచేత ఇవ్వరట."

"పుట్టుకతోనా మాస్టారూ? మా ఇంట్లో ఎవలికీ లేదే?"

"వంశంలో ఎక్కడో ఉండి ఉంటుంది. పెద్ద డాక్టర్లు ఊరికే వ్రాస్తారా?"

రెండవ పేరా కూడా చదివాను. ఆరు నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చునని అందులో ఉన్నది. అది అతనికి చెప్పలేదు. ప్రతి సర్కారు ఉత్తరానికీ చివర అలాంటి తోక ఒకటి ఉంటుందని నా అభిప్రాయం. పైగా బస్సు వచ్చేసింది. "సర్కారుతో తగువెందుకు, ఉన్న నాలుగు డబ్బులతో ఏదైనా వ్యాపారం పెట్టుకో" అని సలహా పారేసి వెళ్ళిపోయాను. అతడు పెట్టుకొన్నాడు. ఒక చిన్న కిరాణాకొట్టు. మూర్ఛ మందులతో చాలావరకు అదుపులోనే ఉన్నది.

కాన్‌స్టిట్యూషనల్ అంటే దేహప్రకృతికి సంబంధించినది. మన వైద్యులు వాతప్రకృతి, పిత్తప్రకృతి అనేవారే, ఆ ప్రకృతి. ఒక మనిషి శరీరతత్వం. అందులో తాతా లేడు, తండ్రీ లేడు. నా బల్లమీద ఉన్న నిఘంటువు తెరిచి ఉంటే రెండవ అర్థంగా కనబడేదే. తెరవలేదు. పండితుణ్ణి కదా!

2019లో, విరమణ సన్మానం శాలువా ఇంకా మడత విప్పకముందే, ఆ ఇంటి ఇల్లాలు మా ఇంటికి వచ్చింది. ఆమె కూతురికి సంబంధం చూశారు. అబ్బాయిది టెక్కలి దగ్గర ఊరు. అన్నీ కుదిరాక వాళ్ళు వెనక్కి తగ్గారు. అంతకుముందు కూడా ఒకటి ఇలాగే తప్పిపోయిందట. నారాయణవలస సంతలో పశువులు కొనడానికి వచ్చిన వాళ్ళ బంధువు ఎవరో మూర్ఛ సంగతి ఎత్తి, "అది వంశంలో ఉందట, కాగితం మీదే వ్రాసి ఉందట" అన్నాడట. ఆమె నాతో కోపంగా మాట్లాడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"మీరే సదివి సెప్పినారట కదా బాబూ. ఆ కాయితంలో అలాగే ఉందా? ఇంకోపాలి సూడండి."

తగరపు పెట్టెలోనుంచి తీసిన ఆ ఉత్తరం మడతల దగ్గర నాలుగు ముక్కలయ్యేలా ఉన్నది. ఈసారి కూర్చొని, కళ్ళజోడు పెట్టుకొని, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని చదివాను. ఆమె ఎదురుగా నేలమీద కూర్చొని ఉన్నది. ఏమి చెప్పాలో తెలియలేదు. "రెండు రోజులు ఉంచమ్మా, చూసి చెబుతాను" అన్నాను. ఆమెతో ఆ రోజు అబద్ధం ఆడలేదు గాని, నిజమూ చెప్పలేదు.

ఆ తరువాత నేను చదివినంతగా పట్టా పరీక్షకు కూడా చదవలేదు. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ వ్రాస్తాను. మీ ఊళ్ళలోనూ ఇలాంటి తగరపు పెట్టెలు ఉంటాయి గనుక కొంత విస్తరించి వ్రాస్తున్నందుకు మన్నించండి.

పాత సైనికులకు వర్తించేది 1961 నాటి పింఛను నియమావళి. అందులో 173వ నియమం ప్రకారం వైకల్య పింఛనుకు రెండు షరతులు. వైకల్యం 20 శాతమో అంతకు మించో ఉండాలి. అది సేవవల్ల పుట్టినదై ఉండాలి, లేదా సేవవల్ల పెరిగినదై ఉండాలి. మొదటి షరతు మావాడు దాటాడు. రెండవదాని దగ్గర ఆగిపోయాడు. ఆ రెండవదాన్ని ఎలా తేల్చాలో చెప్పేవి 1982 నాటి అర్హతా నియమాలు. అవి చదివినప్పుడు నాకు తర్కశాస్త్రం చదువుతున్నట్లే తోచింది. సైన్యంలోకి తీసుకొనేటప్పుడు పరీక్ష చేసి, ఏ లోపమూ నమోదు చేయకపోతే, అతడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తరువాత వైద్యకారణాలతో పంపివేస్తే, ఆ క్షీణత సేవవల్లనే అని భావించాలి. రుజువు చేసే భారం సైనికుడిమీద లేదు. సందేహం మిగిలితే ఆ సందేహఫలం సైనికుడిదే. యుద్ధక్షేత్రాల్లో, సరిహద్దుల్లో పనిచేసినవాడి పట్ల మరింత ఉదారంగా ఉండాలి. చేరేనాటికే వ్యాధి బీజరూపంలో ఉండి పరీక్షకు అందలేదని వైద్యులు అనదలచుకొంటే అనవచ్చు. కాని, కారణాలు వ్రాయాలి.

ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగాను.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి వైద్యమండలి పత్రాల నకలు తెప్పించుకొన్నాము. నకలుకు నకలు, సగం మసి. చేరేముందు ఈ వ్యాధి ఉన్నదా అన్న ప్రశ్నకు లేదు అని జవాబు. సేవవల్ల కలిగినదా అంటే కాదు. సేవవల్ల ముదిరినదా అంటే కాదు. మరి ఎందువల్ల అన్నచోట ఆ ఒకే ఒక్క పదం, కాన్‌స్టిట్యూషనల్. క్రింద సంతకాలు. అంతే.

ఇక్కడ నా పాత వృత్తి నాకు అక్కరకు వచ్చింది. తెలుగులో వ్యతిరేకానికి రెండు మాటలున్నాయి. అగు ధాతువునుంచి కాదు. ఉనికిని త్రోసిపుచ్చేది లేదు. "ఇది మామిడిచెట్టు కాదు" అనాలంటే ఎదురుగా ఏదో ఒక చెట్టు ఉండాలి, దాన్ని చూసి ఉండాలి. "మామిడిచెట్టు లేదు" అనడానికి చెట్టే అక్కరలేదు. పరభాషలవారు తెలుగు నేర్చుకొనేటప్పుడు ముందుగా తడబడేది ఇక్కడే. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే నాట్. ఆ కాగితం ఇంగ్లీషులో ఉండబట్టి ఎవరికీ పట్టుబడలేదు గాని, తెలుగులో పెట్టి చూస్తే తప్పు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. వైద్యుల దగ్గర ఉన్నది "సేవవల్ల కలిగిందనడానికి రుజువు లేదు" అన్నది. వారు వ్రాసినది "సేవవల్ల కలిగినది కాదు" అన్నది. లేదునుంచి కాదుకు వెళ్ళాలంటే మధ్యలో కారణం అనే మెట్టు ఉండాలి. ఆ మెట్టు అక్కడ లేదు. పైగా ఆ మెట్టు లేనప్పుడు ఫలం ఎవరికి చెందాలో నియమమే చెబుతున్నది.

మా జిల్లా బిడ్డ గిడుగు రామమూర్తి పంతులుగారు జనానికి అర్థమయ్యే భాషకోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన పర్వతాలపేట మాకు దూరం కాదు. ఏటా ఆగస్టు 29న పిల్లలచేత ఉపన్యాసాలు చెప్పించాను. నా గుమ్మంలో నిలబడిన మనిషికి మాత్రం వాడి కాగితం వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

ఆ మండలి వైద్యులను నేను తప్పుపట్టలేను. అదే రోజున శ్రీకాకుళంలో నేను చేసినదేమిటి? రోజుకు ఇన్ని అని లెక్క పెట్టుకొని జవాబుపత్రాలు దిద్దాను. సందర్భసహిత వ్యాఖ్యకు రెండున్నర, ఛందస్సుకు ఒకటి, ప్రక్కన కారణం వ్రాసే అలవాటు ఎవరికున్నది? తప్పిన పిల్లవాడు ఎందుకు తప్పాడో అడిగే దారి లేదు. నాలుగు కాగితాల తరువాత చేయి దానంతట అదే అంకె వేస్తుంది. వారి చేయీ అలాగే ఆ పదం వ్రాసి ఉంటుంది. తేడా ఒక్కటే. నా పిల్లలకు సెప్టెంబరు పరీక్ష ఉండేది.

ఇది మాకొక్కరికే జరిగిన ముచ్చట కాదు. ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడు 1985లో సిగ్నల్స్ దళంలో చేరాడు. తొమ్మిదేళ్ళు చేశాక 1994లో మూర్ఛరోగంతోనే, 20 శాతంతోనే ఇంటికి పంపారు. కాన్‌స్టిట్యూషనల్ అన్న ఆ పదమే వాడి వైకల్య పింఛనుకూ అడ్డం వచ్చింది. వాడు వదలలేదు. 2013 జూలై 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చేరినప్పుడు ఏ లోపమూ నమోదు చేయలేదు, మండలి కారణాలు చెప్పలేదు, కనుక వ్యాధి సేవలో కలిగినదనే భావించాలి, పింఛను ఇవ్వాలి అని. ఆ తీర్పును మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అచ్చంగా మావాడి కథ. 1998లో నేను చెప్పని రెండవ పేరాను ఆ మనిషికి ఎవరో చెప్పి ఉంటారు.

మొదట అప్పీలు వ్రాశాము. ఇరవై ఒక్క ఏళ్ళ ఆలస్యానికి కారణం ఏమని వ్రాయాలి? మావాడు "ఆరోగ్యం బాగోక అని వ్రాసేద్దాం మాస్టారూ" అన్నాడు. నన్ను కాపాడాలని చూశాడు. నేను ఒప్పుకోలేదు. "ఉత్తరాన్ని చదివి చెప్పిన ఉపాధ్యాయుడు అప్పీలు గడువు సంగతి చెప్పలేదు" అని వ్రాసి, క్రింద నా ప్రమాణపత్రం జతచేశాను. నలభై ఏళ్ళలో ఎన్నో వాక్యాలు వ్రాశాను. అంత కష్టమైన వాక్యం మరొకటి లేదు. కొన్ని నెలలకు గడువు మించినదంటూ తిరస్కరించారు. అది ఊహించినదే.

ఇక మిగిలినది సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం చేసి 2009 ఆగస్టులో ప్రారంభించారు. అంతకుముందు ఇలాంటి తగాదాలకు హైకోర్టులే దిక్కు. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోనిది. చట్టంలో ఆరు నెలల గడువు ఉన్నది గాని, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ ఉన్నది. పింఛను విషయంలో మరొక వెసులుబాటు ఉన్నది. నెలనెలా రావలసినది రాకపోవడం నెలనెలా జరిగే తప్పు. తర్సేమ్ సింగ్ అనే ఆయన 1983లో సైన్యంనుంచి వచ్చి 1999లో గాని కోర్టుకు వెళ్ళలేదు. 2008లో సుప్రీంకోర్టు అతని హక్కును కాదనలేదు. కాని, బాకీ మాత్రం కోర్టుకు వచ్చిన తేదీకి ముందు మూడేళ్ళకే ఇమ్మన్నది. అంటే మావాడి ఇరవై ఒక్క ఏళ్ళలో పద్దెనిమిది ఎలాగూ తిరిగి రావు. ఆ లెక్క మొదటిరోజే అతనికి చెప్పాను. ఈసారి ఏ పేరాను దాటవేయలేదు.

ఆముదాలవలసలో రైలెక్కి చెన్నై వెళ్ళాము. నా జీవితంలో అది రెండవసారి. దారిపొడుగునా అతడు లద్దాఖ్ సంగతులు చెప్పాడు. అన్నేళ్ళలో నేనూ అడగలేదు, అతడూ చెప్పలేదు. నీళ్ళు గడ్డకట్టకుండా డబ్బాను ఒంటికి కట్టుకొని పడుకొనేవాళ్ళమన్నాడు. వరుసగా రాత్రికాపలా పడితే పగలు నిద్ర పట్టేది కాదన్నాడు. మూర్ఛ వచ్చే శరీరానికి నిద్రలేమి మంచిది కాదన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన వైద్యవిషయమే. మండలి కాగితంలో ఆ రాత్రుల ప్రస్తావన ఒక్క అక్షరం లేదు.

మా వకీలుగారు తమిళులు, నెమ్మదస్తులు. ఆయన పెద్దగా ఆశపెట్టలేదు. అప్పుడే, 2019 అక్టోబరులో, నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు వేరే తీరుగా తీర్పు చెప్పింది. అది స్కిజోఫ్రీనియా వ్యాధి. అలాంటి మానసిక వ్యాధులు చేరేనాటి పరీక్షలో బయటపడకపోవచ్చును గనుక, నమోదు కాలేదన్న ఒక్క కారణంతో సేవవల్ల వచ్చిందనుకోరాదని, మండలి అభిప్రాయానికి విలువ ఇవ్వాలని అన్నది. అవతలివారు ఆ తీర్పును చూపిస్తారని వకీలుగారు ముందే చెప్పారు. చూపించారు కూడా. నిజానికి అందులోనూ న్యాయం లేకపోలేదు. ప్రతి వ్యాధినీ సైన్యం నెత్తిన పెట్టడం కుదరదు. మా వాదమల్లా ఒకటే. కాదంటే కాదనండి, ఎందుకో చెప్పండి.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చింది. తరువాత కథంతా వాయిదాలు. అది వ్రాసి మిమ్మల్ని విసిగించను.

2022లో ఉత్తర్వు వచ్చింది. ఆలస్యాన్ని మన్నించారు. వ్యాధి సైనికసేవలో ఉద్భవించినదిగా భావించవలెనన్నారు. 20 శాతం వైకల్యాన్ని 50గా లెక్కించమన్నారు. ఇది చాలామందికి తెలియదు. 1996 తరువాత వైద్యకారణాలతో పంపివేసినవారికి, 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50నుంచి 75 దాకా 75గా, ఆపైన నూరుగా సర్దాలని 2001లోనే ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నది. సర్వీసు పూర్తిచేసుకొని వచ్చినవారికి కూడా అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే వారి పింఛను కాగితంలో శాతం ఎంతో ఒకసారి చూడండి. అలాగే వైద్యమండలి అవునన్నదాన్ని లెక్కల కార్యాలయం తనంతట తాను కాదనరాదని 1993లోనే మొహిందర్ సింగ్ కేసులో వచ్చిన తీర్పు ఉన్నది. అయితే ఒక మాట. నేను చెప్పిన 1982 నియమాలు పాతవారికే. 2008 జనవరినుంచి పదవి విడిచినవారికి వేరే నియమాలు. 2023 సెప్టెంబరు 21 తరువాత విడిచినవారికి మళ్ళీ వేరే. ఎవరి కాగితం ఏ ఏటిదో చూసుకోకుండా నా మాట పట్టుకొని పోవద్దు. నా మాట పట్టుకొన్నవారి కథ చెప్పాను కదా.

డబ్బు రావడానికి ఇంకా కొంత కాలం పట్టింది, వచ్చింది. ఎంతో వ్రాయను. కొట్టుకు రేకులు తీసి శ్లాబు వేయించాడు.

కూతురు ఈలోపు నర్సింగు చదివి విశాఖలో ఉద్యోగంలో చేరింది. పెళ్ళి మాట ఎత్తితే "తరువాత చూద్దాం" అంటుందట. ఆమె నాతో మాట్లాడదు. ఎదురుపడితే తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. ఆ నమస్కారాన్ని నేను తప్పించుకొని తిరుగుతుంటాను.

ఉత్తర్వు వచ్చిన ఏడు కొత్తమ్మ తల్లి ఉత్సవాలకు ఊరంతా బంధువులతో నిండి ఉన్నది. మావాడి ఇంటికి పిలిచారు. వరండాలో పదిహేనుమంది దాకా ఉన్నారు. మొదట తప్పిపోయిన సంబంధం తాలూకు పెద్దమనిషి కూడా ఒకరు ఉన్నారని తరువాత తెలిసింది. ఉత్తర్వును తెలుగు చేసి తెమ్మని ఇల్లాలు ముందే కబురు పెట్టింది. మూడుసార్లు వ్రాసి, రెండు చింపి, మూడవదాన్ని పట్టుకు వెళ్ళాను. చదివాను. అందరూ విన్నారు. "సైనికసేవలో ఉద్భవించినదిగా భావించవలెను" అన్నచోట ఆమె ఆపింది.

"అంటే వంశంది కాదని రాసినారా బాబూ?"

ఆ క్షణంలో అవునని అంటే సరిపోయేది. ఆ పదిహేనుమందీ నమ్మేవారు. ఊరూ నమ్మేది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ మాట ఉత్తర్వులో లేదు. ట్రిబ్యునల్ వంశం సంగతి విచారించనూ లేదు, దానితో దానికి పని లేదు.

"వంశం అన్న మాట ఇందులో లేదమ్మా."

"లేదంటే కాదనేనా?"

మావాడు నావైపు చూశాడు. నలభై ఏళ్ళ క్రితం తరగతిలో జవాబు తెలియనప్పుడు చూసే చూపే. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాను.

"అమ్మా, ఆ మాట వాళ్ళు మొదట పంపిన ఉత్తరంలోనూ లేదు. డాక్టర్లూ వ్రాయలేదు. అది నేను పెట్టిన మాట. అర్థం తెలియక, నిఘంటువు చూడక, బస్సుకు తొందరై నేను చెప్పాను."

వరండాలో ఎవరూ మాట్లాడలేదు. బయట డప్పులు వినిపిస్తున్నాయి. ఆమె లేచి వెళ్ళి, వీధిలో నిలబడి మాట్లాడుకొంటున్న ఇద్దరు ముగ్గురు చుట్టాలను కూడా లోపలికి పిలిచింది. వాళ్ళు వచ్చి గోడవారగా నిలబడ్డారు.

"ఇప్పుడన్నారు కదా బాబూ, ఆ మాట. ఇంకోపాలి సెప్పండి. ఈలు కూడా ఇనాలి."

చెప్పాను.